పది వేల పాటలు దాటిన కలెక్షన్‌కి ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి, ఏ ఫీచర్లు చూడాలి

హార్డ్ డిస్క్‌లో ఓ పది పదిహేను వేల పాటలు పోగేసి, అందులో సగం "ట్రాక్ 01", మిగతా సగం ఏదో డౌన్‌లోడ్ సైట్ పేరుతో మొదలయ్యే టైటిల్స్, ఇప్పుడు వీటిని ఒక దారిలో పెడదాం అనుకుంటున్నవాళ్ళ కోసం ఇది. ఫోన్‌లో స్ట్రీమింగ్ యాప్‌తో సరిపోయేవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు, నిజంగానే మీకు ఇదంతా అక్కర్లేదు. కానీ పాత సినిమాల రేర్ పాటలు, ఇంట్లో క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న పద్యనాటకాలు, రేడియోలో రికార్డ్ చేసుకున్న కచేరీలు, సీడీల నుంచి రిప్ చేసిన ఫ్లాక్ (క్వాలిటీ తగ్గకుండా దాచే రకం) ఫైల్స్ ఉన్నోళ్ళ సంగతి వేరు. అవి స్ట్రీమింగ్‌లో దొరకవు, దొరికినవి కూడా లైసెన్స్ అయిపోయిన రోజున ప్లే అవ్వకుండా బూడిద రంగులోకి మారిపోతాయి.

ముందు చిన్న లెక్క. 5 నిమిషాల పాట 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే 12 ఎంబీ, అలాంటివి 10,000 అంటే 120 జీబీ. ఇవాళ్టి డిస్కులకి అదేం లెక్క కాదు. అదే ఒక్కో పాట పేర్లు సరిచేయడానికి ఒక్క నిమిషం పట్టినా 10,000 నిమిషాలు, అంటే దాదాపు 167 గంటలు. ఉద్యోగం చేసుకుంటూ వీకెండ్స్‌లో చేస్తే నెలలు పడుతుంది. అంత కష్టపడి చేసింది, రేపు ఆ సాఫ్ట్‌వేర్ తీసేస్తే మనతో వస్తుందా రాదా? నేను ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా ముందు చూసేది ఇదే, స్కిన్ ఎంత బాగుంది అనేది చివర్లో.

## ముందు ఏం చూడాలి

చేసిన పని ఎక్కడ సేవ్ అవుతుంది. పాట టైటిల్, సింగర్, సంగీత దర్శకుడు, సంవత్సరం ఇవన్నీ రెండు చోట్ల ఉండొచ్చు. ఒకటి ఆడియో ఫైల్ లోపలే ఉండే ట్యాగ్, ఎంపీ3కి అయితే ఐడీ3, ఫ్లాక్‌కి అయితే వోర్బిస్ కామెంట్. రెండోది సాఫ్ట్‌వేర్ సొంత డేటాబేస్. ట్యాగ్‌లో రాసింది ఫైల్ ఎక్కడికి పోతే అక్కడికి పోతుంది, డేటాబేస్‌లో రాసింది ఆ సాఫ్ట్‌వేర్ దగ్గరే ఆగిపోతుంది. టైటిల్, ఆర్టిస్ట్ లాంటివి మ్యూజిక్ మేనేజర్లు మామూలుగా ట్యాగ్‌లోనే రాస్తాయి. తేడా వచ్చేదల్లా రేటింగ్, ప్లే కౌంట్, మనం సొంతంగా పెట్టుకున్న ఫీల్డ్స్ దగ్గర. ఏళ్ళ తరబడి స్టార్లు ఇచ్చుకుంటూ పోయి, సాఫ్ట్‌వేర్ మార్చిన రోజున ఒక్క స్టార్ కూడా రాకపోతే ఆ బాధ మామూలుగా ఉండదు.

ఎవరు ఏం చేశారో వేరువేరుగా పెట్టుకోగలమా. మన సినిమా పాటలకి అసలు తలనొప్పి ఇదే. ఈ సాఫ్ట్‌వేర్లు చాలావరకు "ఒక బ్యాండ్, ఒక ఆల్బమ్" అనే లెక్కలో పుట్టినవి. మనకేమో ఒక సినిమాలో 6 పాటలు ఉంటే రెండు సోలోలు, మూడు డ్యూయెట్లు, ఒక కోరస్, సంగీతం ఒకరు, రాసింది ముగ్గురు. ఆర్టిస్ట్ ఫీల్డ్‌లో సింగర్ల పేర్లు పెట్టి ఆల్బమ్ ఆర్టిస్ట్ (ఆల్బమ్ మొత్తానికి కలిపి ఒక పేరు పెట్టే ఫీల్డ్) ఖాళీగా వదిలేస్తే చాలా ప్లేయర్లలో ఆ ఒక్క సినిమా ఐదారు ఆల్బమ్‌లుగా చీలిపోయి కనిపిస్తుంది. ఆల్బమ్ ఆర్టిస్ట్‌లో సంగీత దర్శకుడి పేరు పెట్టేయండి, కంపోజర్‌లో కూడా అదే పేరు, ఆర్టిస్ట్‌లో సింగర్లు, లిరిసిస్ట్‌లో రచయిత. "వేరియస్ ఆర్టిస్ట్స్" అని పెట్టమని కొంతమంది చెప్తారు కానీ అలా చేస్తే మీ కలెక్షన్ మొత్తం ఒకే పేరు కింద కుప్పపడుతుంది, నేనైతే వద్దంటా. ఒకే సినిమాకి పాటకొక సంగీత దర్శకుడు ఉన్నప్పుడు మాత్రం తప్పదు.

ఇంతకీ సాఫ్ట్‌వేర్‌లో చూడాల్సింది ఏంటంటే, ఒక ఫీల్డ్‌లో ఇద్దరు ముగ్గురు పేర్లు పెడితే వాళ్ళని విడివిడి మనుషులుగా గుర్తిస్తుందా, లేక "ఘంటసాల, సుశీల" అనే కొత్త మనిషిని పుట్టిస్తుందా. పి. సుశీల గారికి 17,695 పాటల రికార్డుతో 2016లో గిన్నిస్ గుర్తింపు వచ్చింది. అందులో మీ దగ్గర వెయ్యి ఉన్నా, డ్యూయెట్లన్నీ వేరే పేరు కింద పడిపోతే సుశీల అని నొక్కినప్పుడు సోలోలు మాత్రమే వస్తాయి.

ఒకే మనిషికి నాలుగు పేర్లు, ఒకే పేరుకి నాలుగు సినిమాలు. కీరవాణి గారు తమిళంలో మరగతమణి, హిందీలో ఎం.ఎం. క్రీం. బాలు గారి పేరు అయితే చెప్పక్కర్లేదు, ఎస్పీబీ, బాలు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, చుక్కలతో ఒకసారి చుక్కల్లేకుండా ఒకసారి, ఇంగ్లీష్ స్పెల్లింగ్‌లో ఇంకో అరడజను. రాజ్-కోటి ఇద్దరూ కలిసి చేసినవి ఒక పేరు కింద పెట్టాలా, కోటి గారు తర్వాత విడిగా చేసినవాటితో కలపాలా అనేది కూడా మీరే తేల్చుకోవాలి. అటు సినిమా పేర్లు చూస్తే దేవదాసు 1953లో ఉంది, 1974లో ఉంది, 2006లో ఉంది. మొదటిదానికి సుబ్బరామన్ సంగీతం, చివరిదానికి చక్రి. ఆల్బమ్ పేరు ఒక్కటే చూసే ప్లేయర్ ఈ మూడింటినీ కలిపి ఒకే కవర్ ఫోటో కింద పెట్టేస్తుంది. ఆల్బమ్ పేరులోనే సంవత్సరం రాసేయడం అన్నిటికంటే సేఫ్.

తెలుగు లిపి. ట్యాగ్‌లో తెలుగు పెట్టుకోవచ్చు, యూనికోడ్ ఉన్న ఐడీ3 రెండో వెర్షన్‌లో ఇబ్బందేం లేదు. 1996 నాటి మొదటి వెర్షన్‌లో మాత్రం టైటిల్‌కి 30 అక్షరాలే, అదీ యూనికోడ్ లేకుండా. అది ఇంకా మీ ఫైళ్ళలో మిగిలి ఉంటే తీసేయండి. ఫైల్ పేర్ల దగ్గర కొంచెం జాగ్రత్త. తెలుగు యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి యూటీఎఫ్-8 అనే దాచే పద్ధతిలో 3 బైట్లు, "శ్రీ" అనే ఒక్క అక్షరంలో నాలుగు గుర్తులు కాబట్టి అదొక్కటే 12 బైట్లు. లైనక్స్‌లో మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్‌లో ఒక ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు, అంటే సుమారు 85 తెలుగు గుర్తులు. పల్లవి మొత్తం, సింగర్లు, సినిమా పేరు అన్నీ ఫైల్ పేరులో పెట్టే అలవాటు ఉన్నోళ్ళు ఇది ఇట్టే దాటేస్తారు. విండోస్‌లో ఫోల్డర్లతో కలిపి 260 అక్షరాల పాత లిమిట్ ఇంకా కొన్ని ప్రోగ్రాముల్లో అడ్డం పడుతుంది. పాత కార్ స్టీరియోల్లో అయితే తెలుగు బదులు డబ్బాలు కనిపిస్తాయి. అందుకే ఫైల్, ఫోల్డర్ పేర్లు ఇంగ్లీష్ స్పెల్లింగ్‌లో, ట్యాగులు తెలుగులో పెట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

ఇంకో చిత్రం ఉంది. "దేవిశ్రీ ప్రసాద్" అని చివర పొల్లుతో ముగిసే పేరు తర్వాత కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని ఒక గుర్తు చేరుస్తాయి, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. చూడ్డానికి రెండు పేర్లూ ఒకేలా ఉంటాయి కానీ సాఫ్ట్‌వేర్‌కి ఇద్దరు మనుషులు. ఆర్టిస్ట్ లిస్టులో ఒకే పేరు రెండుసార్లు కనిపించి పిచ్చెక్కితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

గంపగుత్తగా మార్చేటప్పుడు ప్రివ్యూ, అన్‌డూ. 3,000 ఫైళ్ళ పేర్లు ఒకేసారి మార్చే బటన్ ఉంటే సరిపోదు, నొక్కే ముందు పాత పేరు కొత్త పేరు పక్కపక్కన చూపించాలి. లేకపోతే అసలుకే ఎసరు.

డూప్లికేట్లు, క్వాలిటీ. ఒకే పాట మూడు సైట్ల నుంచి మూడు సైజుల్లో ఉంటుంది. పేరు చూసి పట్టుకోవడం ఒక రకం, పాట విని వేలిముద్ర లాంటిది తీసి పట్టుకోవడం ఇంకో రకం. రెండోది ఉంటే స్పెల్లింగ్‌తో పని లేదు. అయితే 320 అని రాసున్నదాన్నే ఉంచి 128ని తీసేయాలని తొందరపడొద్దు, 128 ఫైల్‌నే మళ్ళీ 320కి మార్చి పెట్టిన బాపతు చాలా తిరుగుతోంది. స్పెక్ అనే చిన్న ఉచిత టూల్‌లో ఫైల్ వేసి చూడండి, సుమారు 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసి కోసినట్టు ఆగిపోతే అది 128 నుంచి పెంచింది అయ్యుండే ఛాన్స్ చాలా ఎక్కువ. పాత మోనో రికార్డింగుల్లో మాత్రం ఈ టెస్ట్ పెద్దగా పనికిరాదు, వాటిల్లో పై ఫ్రీక్వెన్సీలు మామూలుగానే తక్కువ.

వాల్యూమ్ సమానం చేసే రీప్లేగెయిన్, ఫోన్‌కి సింక్, స్పీడ్ ఇవి కూడా చూడాలి కానీ పైన చెప్పినవాటి తర్వాతే. ఘంటసాల పాట అయిపోగానే కొత్త మాస్ పాట వచ్చి స్పీకర్ పగిలిపోయేలా అరిస్తే రీప్లేగెయిన్ విలువ అప్పుడు తెలుస్తుంది. అది ట్యాగ్‌లో ఒక నంబర్ రాసి ఊరుకుంటుంది, అసలు ఆడియోని ముట్టుకోదు.

## ఒక్క చూపులో

| సాఫ్ట్‌వేర్ | ఎక్కడ నడుస్తుంది | ఖర్చు | మీ పని ఎక్కడ ఉంటుంది | ఒక్క మాటలో |
|---|---|---|---|---|
| మ్యూజిక్‌బీ | విండోస్ | ఉచితం | ఎక్కువగా ఫైల్ ట్యాగ్‌లోనే | ఎక్కువమందికి ఇది చాలు |
| ఫూబార్2000 | విండోస్, మ్యాక్, మొబైల్ | డెస్క్‌టాప్‌లో ఉచితం | ట్యాగ్‌లో, రేటింగ్ విడిగా | ఓపిక ఉన్నోళ్ళకి |
| మీడియామంకీ | విండోస్, ఆండ్రాయిడ్ | ఉచితం, గోల్డ్ అయితే డబ్బులు | ట్యాగ్ + డేటాబేస్ | ఫోన్ సింక్ ముఖ్యమైతే |
| పికార్డ్ | విండోస్, మ్యాక్, లైనక్స్ | ఉచితం | ట్యాగ్‌లో | గుర్తుపట్టడానికి |
| ఎంపీ3ట్యాగ్ | విండోస్, మ్యాక్ | విండోస్‌లో ఉచితం | ట్యాగ్‌లో | చెత్త ఊడ్చడానికి |
| బీట్స్ | విండోస్, మ్యాక్, లైనక్స్ | ఉచితం | ట్యాగ్ + డేటాబేస్ | కమాండ్ లైన్ వాళ్ళకి |
| నావిడ్రోమ్ | ఇంట్లో సర్వర్ | ఉచితం | ఫైళ్ళని ముట్టుకోదు | వినడానికి మాత్రమే |

## మ్యూజిక్‌బీ

విండోస్ ఉన్నోళ్ళు నన్నడిగితే ముందు దీన్నే పెట్టుకోమంటా. ఒక ఆర్టిస్ట్ ఫీల్డ్‌లో నలుగురిని విడివిడిగా పెట్టుకోవచ్చు, వాళ్ళలో ఎవరు మెయిన్ ఎవరు గెస్ట్ అనేది కూడా చెప్పొచ్చు. కంపోజర్, లిరిసిస్ట్ ఫీల్డ్స్ ఉన్నాయి, అవి చాలవంటే సొంత కస్టమ్ ట్యాగులు పెట్టుకోవచ్చు. రాగం అనో, డైరెక్టర్ అనో, హీరో అనో, క్యాసెట్ కంపెనీ అనో మీ ఇష్టం. అవి ఫైల్‌లోనే సేవ్ అయ్యేలా పెట్టుకోవచ్చు. ఎడమ పక్కన కాలమ్స్ పెట్టుకుంటే కంపోజర్, సంవత్సరం, సింగర్ ఇలా ఒక్కోటి నొక్కుకుంటూ పోయి, ఇళయరాజా, 1980లు, జానకి అని మూడు క్లిక్కుల్లో దిగిపోవచ్చు.

నాకు బాగా నచ్చింది ఇన్‌బాక్స్. కొత్తగా వచ్చిన ఫైళ్ళు నేరుగా లైబ్రరీలో కలవవు, ముందు ఇన్‌బాక్స్‌లో పడతాయి, పేర్లు శుభ్రం చేశాక మనమే లోపలికి పంపిస్తాం. పెళ్ళికి వెళ్ళొస్తూ ఎవరి పెన్‌డ్రైవ్ నుంచో 400 పాటలు దింపుకునే అలవాటు ఉన్నోళ్ళకి ఈ ఒక్క ఫీచర్ కోసమైనా పనికొస్తుంది. ఫోల్డర్లు సర్దేటప్పుడు ప్రివ్యూ చూపిస్తుంది. పోర్టబుల్ వెర్షన్ ఉంది కాబట్టి పాటలున్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోనే పెట్టేస్కోవచ్చు.

లోటు ఏంటంటే విండోస్ తప్ప ఇంకెక్కడా లేదు, ఓపెన్ సోర్స్ కూడా కాదు. కానీ పని ఎక్కువ ఫైళ్ళలోనే ఉంటుంది కాబట్టి అది ఆగిపోయినా మీరు ఆగిపోరు. సెట్టింగ్స్ లో రేటింగ్‌ని ట్యాగ్‌లో రాసేలా ఉందో లేదో మొదటి రోజే చూస్కోండి.

## ఫూబార్2000

2002 నుంచి ఉంది, చూడ్డానికి ఎక్సెల్ షీట్‌లా ఉంటుంది, మొదటిసారి ఓపెన్ చేసినవాళ్ళు సగం మంది అక్కడే మూసేస్తారు. ఓపిక పట్టి కాంపోనెంట్లు (ఫీచర్లు పెంచే అదనపు ముక్కలు) వేసుకుని సర్దుకుంటే మాత్రం దీనంత చురుగ్గా కదిలేవి తక్కువ. 2023లో వచ్చిన 2.0 వెర్షన్‌తో 64 బిట్, డార్క్ మోడ్ కూడా వచ్చాయి.

దీని అసలు బలం ఫీల్డ్స్ మీద ఏ ఆంక్షా లేకపోవడం. మీరు "రాగం" అని కొత్త ఫీల్డ్ పేరు పెడితే మారుమాట్లాడకుండా రాసేస్తుంది, దానితో వెతకొచ్చు, దానితో సార్ట్ చేయొచ్చు, దాన్ని ఫోల్డర్ పేరుగా వాడొచ్చు. సెర్చ్‌లో ఏ ఫీల్డ్‌లో ఉన్నా సరే ఈ మాట ఉన్న పాటలన్నీ తే అని అడగడానికి స్టార్ గుర్తుతో ఒక పద్ధతి ఉంది, తెలుగు టైటిల్ పెట్టి ఇంగ్లీష్ స్పెల్లింగ్‌ని కామెంట్‌లోనో ఇంకో ఫీల్డ్‌లోనో దాచుకునే వాళ్ళకి ఇది బాగా కలిసొస్తుంది. క్యూ షీట్లు (ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో రాసుండే చిన్న ఫైళ్ళు) కూడా చదువుతుంది కాబట్టి రెండున్నర గంటల కచేరీ ఒకే ఫైల్‌గా ఉన్నా దాన్ని కోయకుండా, వర్ణం ఇక్కడ, కీర్తన ఇక్కడ, తనియావర్తనం ఇక్కడ అని ట్రాకులుగా చూపించుకోవచ్చు. రీప్లేగెయిన్ స్కానర్ లోపలే ఉంది.

రేటింగ్, ప్లే కౌంట్ మాత్రం విడిగా చూస్కోవాలి, దానికున్న కాంపోనెంట్ వాటిని ముందు తన దగ్గరే దాచుకుంటుంది, ట్యాగ్‌లోకి రాయమని మనం చెప్పాలి. కర్ణాటక సంగీతం ఎక్కువ ఉన్నోళ్ళకి నా ఓటు దీనికే. సినిమా పాటలు ఎక్కువైతే మ్యూజిక్‌బీతో పని తొందరగా తెములుతుంది.

## మీడియామంకీ

పెద్ద కలెక్షన్ల కోసమే అని చెప్పుకునే సాఫ్ట్‌వేర్, ఆ మాట ఒప్పుకోవచ్చు. కంపోజర్, లిరిసిస్ట్ తో పాటు ఇన్వాల్వ్డ్ పీపుల్ అనే ఫీల్డ్ కూడా ఉంది, డూప్లికేట్లు పేరుతో ఒకలా, అచ్చంగా ఒకే కంటెంట్ ఉన్నవి ఇంకోలా చూపిస్తుంది. కలెక్షన్స్ అనే పద్ధతిలో సినిమా పాటలు ఒకవైపు, శాస్త్రీయం ఒకవైపు, ఆడియో పుస్తకాలు ఒకవైపు విడదీసి, ఒక్కోదానికి వేరే రకంగా సర్దుకోవచ్చు. భక్తి పాటలు షఫుల్‌లో ఐటమ్ సాంగ్ పక్కన రాకుండా ఉండాలంటే ఇంట్లో పెద్దవాళ్ళున్న చోట ఇది చాలా అవసరం.

దీన్ని ఎంచుకోవడానికి గట్టి కారణం మాత్రం ఆండ్రాయిడ్ యాప్. వైఫై మీద సింక్ అయిపోయి, ఫోన్‌లో ఇచ్చిన రేటింగ్ కంప్యూటర్‌లోకి వస్తుంది. కొన్ని సౌకర్యాలకి గోల్డ్ లైసెన్స్ కొనాలి, ముందు ఉచితంగా వాడి చూసి తర్వాత ఆలోచించండి. ఫోన్ సింక్ అక్కర్లేనివాళ్ళు దీనికి డబ్బులు పెట్టే పని లేదనుకుంటా.

## పికార్డ్, ఎంపీ3ట్యాగ్: ఇవి ప్లేయర్లు కాదు

పైవాటిలో ఏది ఎంచుకున్నా ఈ రెండూ పక్కన ఉండాల్సిందే, అందుకే వీటి మధ్య పోటీ పెట్టడం లేదు.

పికార్డ్ అనేది మ్యూజిక్‌బ్రెయిన్జ్ వాళ్ళది. 2000 నుంచి జనం కలిసి నింపుతున్న పాటల డేటాబేస్ అది. ఫైల్ ఇస్తే అకౌస్టిక్ ఫింగర్‌ప్రింట్ తీసి, ఫలానా పాట, ఫలానా ఆల్బమ్ అని చెప్తుంది. "ట్రాక్ 01" అని మాత్రమే ఉన్న ఫైళ్ళకి ఇది ప్రాణం పోస్తుంది. పాత ట్యాగ్, కొత్త ట్యాగ్ పక్కపక్కన చూపిస్తుంది, సేవ్ నొక్కేదాకా ఫైల్‌ని కదపదు. కానీ పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. ఇంగ్లీష్ ఆల్బమ్‌లకి ఉన్నంత వివరంగా మన పాత సినిమాలకి అందులో లేదు. చాలాసార్లు సినిమా ఆల్బమ్ అడిగితే ఏదో "హిట్స్ ఆఫ్" సీడీని పట్టుకొచ్చి పెడుతుంది, అలా సేవ్ చేసేస్తే ఒకే సినిమా పాటలు నాలుగు హిట్స్ ఆల్బమ్‌లకి చెదిరిపోతాయి. అందుకే టైటిల్, సింగర్ వివరాలు అక్కడి నుంచి తీసుకుని, ఆల్బమ్ ఫీల్డ్‌ని మార్చకుండా కాపాడే ఆప్షన్‌లో పెట్టేయండి. పాత ట్యాగ్‌లన్నీ చెరిపేసే ఆప్షన్ టిక్ అయి ఉందేమో కూడా చూడండి. కర్ణాటక సంగీతం వాళ్ళకి ఒక మంచి విషయం, మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో కృతులకి రాగం, తాళం పెట్టే ఏర్పాటు ఉంది. ఇంకా లేని ఆల్బమ్ మీ చేతిలో సీడీగా ఉంటే మీరే ఎక్కించొచ్చు.

ఎంపీ3ట్యాగ్ చేసేది మోటు పని. డౌన్‌లోడ్ సైట్లు తమ పేర్లని టైటిల్ చివర ఒకటి, ఆల్బమ్ చివర ఒకటి, కామెంట్‌లో ఒకటి, ఆఖరికి కవర్ ఫోటో మీద కూడా కొట్టేస్తాయి కదా, వాటన్నిటినీ ఒక యాక్షన్ రాసి వేల ఫైళ్ళ మీద ఒక్కసారే నడిపేయొచ్చు. ఫైల్ పేరు నుంచి ట్యాగ్, ట్యాగ్ నుంచి ఫైల్ పేరు, "బాలు, జానకి" అని కామాతో ఉన్నవి విడగొట్టడం, స్పెల్లింగులు కలపడం, పైన చెప్పిన కనిపించని గుర్తుని తీసేయడం అన్నీ ఇందులోనే. అన్‌డూ ఉంది. మ్యాక్‌లో మాత్రం కొనాలి, లైనక్స్ వాళ్ళకి కిడ్3 ఉంది. వరస ముఖ్యం: ముందు ఎంపీ3ట్యాగ్‌తో చెత్త ఊడ్చి, తర్వాత పికార్డ్‌కి ఇస్తే గుర్తుపట్టడం కూడా మెరుగ్గా ఉంటుంది.

## బీట్స్

కమాండ్ లైన్ అంటే భయం లేనివాళ్ళకి. విండో ఉండదు, బటన్ ఉండదు, టైప్ చేయాలి. ఇంపోర్ట్ చెప్తే మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో వెతికి, ఇంత శాతం కలుస్తోంది, ఒప్పుకుంటావా అని అడుగుతుంది. మామూలు సెట్టింగ్‌లో ఫైళ్ళని కాపీ చేసుకుంటుంది కాబట్టి అసలువి అలాగే ఉంటాయి, డిస్క్‌లో రెండింతలు జాగా చూస్కోండి. ఫైళ్ళు జరిపే ముందు ఉత్తుత్తిగా చేసి చూపించమని అడగొచ్చు. ప్లగిన్లు బోలెడు, డూప్లికేట్లకి, కవర్లకి, రీప్లేగెయిన్‌కి అన్నిటికీ ఉన్నాయి. తెలుగు పేర్లని ఫైల్ పేర్లలో ఇంగ్లీష్ అక్షరాల్లోకి మార్చే సెట్టింగ్ కూడా ఉంది కానీ వచ్చే స్పెల్లింగ్ చదవలేం, అది వాడకపోవడమే మంచిది.

ఒక మెలిక మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇందులో మీరు సొంతంగా కనిపెట్టి పెట్టుకునే ఫీల్డ్స్ మామూలుగా దాని డేటాబేస్‌లోనే ఉంటాయి, ఫైల్‌లోకి రావు. రాగాలన్నీ కూర్చుని అందులో ఎక్కించి తర్వాత ఇంకో ప్లేయర్‌లో వెతికితే కనిపించవు. మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో లేని పాటలే ఎక్కువ ఉన్నోళ్ళకి ప్రతి ఆల్బమ్‌కీ అది అడగడం మనం వద్దనడం, ఇదే సరిపోతుంది. ఇంగ్లీష్, హిందీ ఆల్బమ్‌లు సగానికి పైగా ఉంటేనే దీనివల్ల లాభం.

## నావిడ్రోమ్ లాంటి సర్వర్లు, మ్యాక్ సంగతి

అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, ఇంట్లో ఉన్న కలెక్షన్‌ని ఎక్కడినుంచైనా వినాలంటే నావిడ్రోమ్ గానీ జెల్లీఫిన్ గానీ. నావిడ్రోమ్ రాస్‌ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు మీద కూడా నడుస్తుంది, సబ్‌సోనిక్ అనే మ్యూజిక్ సర్వర్ పద్ధతిలో పనిచేసే ఫోన్ యాప్‌లు దేనితోనైనా కలుస్తుంది. సినిమాలు కూడా ఉంటే జెల్లీఫిన్. ట్యాగులు ఎలా ఉంటే అలా చూపించడమే నావిడ్రోమ్ పని, సరిచేయదు, మీరు ఇచ్చే స్టార్లు దాని డేటాబేస్‌లోనే ఉంటాయి. కాబట్టి ముందు సర్దుకుని తర్వాత దీనికొస్తే మంచిది.

మ్యాక్ వాళ్ళకి యాపిల్ మ్యూజిక్ యాప్ ఉంది కానీ అది ఫ్లాక్ తీసుకోదు, రేటింగులు ఫైల్‌లో రాయదు. ఫ్లాక్ ఉన్నోళ్ళు స్విన్సియన్ చూడండి, డబ్బులు పెట్టాలి. లైనక్స్‌లో స్ట్రాబెరీ, క్వాడ్ లిబెట్ రెండూ బాగుంటాయి, ఒకే ఫీల్డ్‌లో చాలా పేర్లు అనే విషయంలో క్వాడ్ లిబెట్ ముందుంటుంది.

## మరి ఎవరికి ఏది

విండోస్, సినిమా పాటలు, పెద్దగా సెట్టింగుల్లో కూర్చునే ఓపిక లేదు: మ్యూజిక్‌బీ, పక్కన ఎంపీ3ట్యాగ్. ఆలోచించాల్సింది ఏం లేదు.

అమ్మానాన్నల కంప్యూటర్‌లో పెట్టి ఇవ్వాలంటే: మీరే మొత్తం సర్ది, మ్యూజిక్‌బీలో కాలమ్స్ తగ్గించి, అక్షరాలు పెద్దవి చేసి ఇవ్వండి. ట్యాగులు తెలుగులో పెట్టడం ఇక్కడ నిజంగా పనికొస్తుంది. వాళ్ళు వినేది కార్‌లో పెన్‌డ్రైవ్ అయితే సాఫ్ట్‌వేర్ సంగతి మర్చిపోండి, ఫోల్డర్ పేర్లే సర్వస్వం.

కచేరీలు, కృతులు, హరికథలు, పద్యాలు: ఫూబార్2000. రాగం, తాళం, వాగ్గేయకారుడు అని మూడు ఫీల్డ్స్ మొదటి రోజే పెట్టుకోండి. అన్నమయ్య కీర్తనలకి కంపోజర్ అంటే అన్నమయ్యా లేక ఇప్పుడు బాణీ కట్టినవారా అనేది కూడా అప్పుడే తేల్చుకోండి. నేనైతే వాగ్గేయకారుడి ఫీల్డ్‌లో అన్నమయ్య, కంపోజర్‌లో బాణీ కట్టినవారిని పెడతా. ఎలా పెట్టినా పర్లేదు, సగం ఒకలా సగం ఒకలా ఉంటేనే చిక్కు.

రోజంతా ఫోన్‌లోనే వినేవాళ్ళు, సర్వర్ నడిపే ఉద్దేశం లేనివాళ్ళు: మీడియామంకీ. ప్రోగ్రామర్ అయి ఉండి ఇంగ్లీష్ పాటలు ఎక్కువ ఉంటే బీట్స్, దానిమీద నావిడ్రోమ్.

ఏది ఎంచుకున్నా ఒక 200 పాటలు వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, అందులో పాత మోనోలు, డ్యూయెట్లు, ఒకే పేరున్న రెండు సినిమాలు, ఒక ఫ్లాక్ ఆల్బమ్, ఒక పొడుగాటి కచేరీ ఉండేలా చూస్కుని, వాటి మీద ప్రయత్నించండి. తర్వాత ఆ ఫోల్డర్‌ని ఇంకో ప్లేయర్‌లో తెరిచి ఏం మిగిలిందో చూడండి. అరగంట పని.

## ఇంకా సరిగ్గా లేని ఫీచర్లు, అడగాల్సినవి

నాకు తెలిసిన డెస్క్‌టాప్ ప్లేయర్లలో ఇవి ఉండాల్సినంత బాగా లేవు. వీటిలో కొన్నిటికి చిట్కాతో గడిచిపోతుంది, కొన్నిటికి డెవలపర్‌ని అడగాల్సిందే.

అలియాస్ (మారుపేర్ల) జాబితా మొదటిది. బాలు, ఎస్పీబీ, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ముగ్గురూ ఒకరే అని ఒక్కసారి చెప్తే, ట్యాగ్ మార్చకుండానే కలిపి చూపించాలి. ట్యాగ్ మార్చేస్తే సీడీ మీద ఎలా వేశారో ఆ వివరం పోతుంది, మార్చకపోతే పాటలు చెల్లాచెదురు. మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో అలియాస్‌లు ఉన్నాయి, మన సొంత లైబ్రరీలో మనమే రాసుకునే ఏర్పాటు కావాలి. ఇది చిట్కాలతో తీరేది కాదు, నేను ఏ డెవలపర్‌ని అడిగినా ముందు ఇదే అడుగుతా.

రెండోది లిపితో పనిలేని సెర్చ్. ఇంగ్లీష్ కీబోర్డ్‌లో కొడితే తెలుగు టైటిల్ రావాలి. ప్రస్తుతానికి సార్ట్ టైటిల్‌లోనో కామెంట్‌లోనో ఇంగ్లీష్ స్పెల్లింగ్ పెట్టి నెట్టుకురావచ్చు కాబట్టి తొందర లేదు.

మూడోది పాట వేరు, రికార్డింగ్ వేరు అని తెలియడం. సినిమా వెర్షన్, స్టేజ్ మీద పాడింది, తర్వాతెవరో రీమిక్స్ చేసింది, కరోకే, ఇవి నాలుగూ డూప్లికేట్లు కాదు, ఒకే పాటకి నాలుగు రికార్డింగులు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ ఈ తేడా పాటిస్తుంది, పికార్డ్‌లో రిలేషన్‌షిప్స్ ఆన్ చేస్తే ఆ పాటకున్న ఐడీ ట్యాగ్‌లోకి కూడా వస్తుంది. అంటే డేటా ఫైల్‌లో ఉంది, ప్లేయర్లు దాన్ని చూపిస్తే చాలు. ఇలా సగం పని అయిపోయిన ఫీచర్ అడిగితే డెవలపర్లు ఒప్పుకునే ఛాన్స్ ఎక్కువ.

నాలుగోది ట్యాగ్ చరిత్ర. ఇప్పుడు ఉన్న అన్‌డూలు ఆ పూటకే, పోయిన నెల ఏం మార్చానో చూపించి వెనక్కి తీసుకెళ్ళే సౌకర్యం కావాలి. అప్పటిదాకా పెద్ద మార్పుకి ముందు ఎంపీ3ట్యాగ్‌లో ట్యాగులన్నీ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.

పికార్డ్, బీట్స్, నావిడ్రోమ్ ఓపెన్ సోర్స్ కాబట్టి అందరూ చూసేలా రిక్వెస్ట్ పెట్టొచ్చు, ఓపిక ఉంటే కోడ్ మీరే రాసి ఇవ్వొచ్చు. ఫూబార్ కోడ్ మూసి ఉన్నా కాంపోనెంట్లు ఎవరైనా రాసుకోవచ్చు. అడిగేటప్పుడు "ఇండియన్ మ్యూజిక్ సపోర్ట్ కావాలి" అని రాస్తే వాళ్ళకి ఏం అర్థం కాదు. ఒకే ఆల్బమ్, 6 పాటలు, ఐదు రకాల సింగర్ కాంబినేషన్లు, ఒక సంగీత దర్శకుడు, ముగ్గురు రచయితలు, ఇప్పుడు మీ సాఫ్ట్‌వేర్ ఇలా చూపిస్తోంది, ఇలా చూపిస్తే బాగుంటుంది అని రెండు స్క్రీన్‌షాట్లు పెట్టండి. ఆడియో ఫైళ్ళు మాత్రం అటాచ్ చేయకండి, కాపీరైట్ గొడవ. సైలెన్స్ రికార్డ్ చేసిన ఖాళీ ఎంపీ3 మీద అవే ట్యాగులు వేసి పంపినా వాళ్ళకి సరిపోతుంది.